జేబులో చాకూ, సరిహద్దు మీద ఖానూన్



పోయిన నెల మా ఆపా కొడుకు ఇంగ్లండ్ నుంచి ఫోన్ చేశాడు. చదువు కోసం వెళ్లి ఏడాది దాటింది. "మామూ, నా బ్యాగులో ఒక మడత చాకూ ఉంది. ఆపిల్ కోసుకోవడానికి, పార్సిళ్లు విప్పడానికి పెట్టుకున్నా. రూములో ఉండే పిల్లవాడు చూసి, ఇది బయట దొరికితే జైలే అంటున్నాడు. సచ్చీ మామూ?" అన్నాడు.

"బ్లేడు తెరిచాక లాక్ పడుతుందా బేటా?" అని అడిగాను.

"పడుతుంది. బటన్ నొక్కితేగానీ మూసుకోదు."

"అయితే రేపటి నుంచి అది రూము దాటొద్దు."

వాడు నవ్వాడు. కర్నూల్లో కూర్చున్న మామూకి ఇంగ్లండ్ ఖానూన్ ఎలా తెలుసని వాడి ఆశ్చర్యం. తెలుసుకోక తప్పని పరిస్థితి ఒకసారి నాకూ వచ్చింది. ఆ కిస్సా తర్వాత చెబుతా. ముందు చాకూ తారీఖ్ కొంచెం చెప్పుకుందాం. ఇంత చిన్న వస్తువు వెనుక హుకూమత్‌ల భయాలు, సినిమాలు, విమానాలు, మన ఖౌమ్ మీద పడే చూపులు అన్నీ ఉన్నాయి.

ఖలంతరాష్

మా అబ్బా కాతిబ్. ఉర్దూ ప్రెస్సులో షాదీ రుక్కాలు, జల్సా పోస్టర్లు రాసేవారు. రెల్లు ఖలం, దవాత్, చిన్న చాకూ - ఆయన ఆస్తి అంతే. ఆ చాకూ పేరు ఖలంతరాష్. తరాష్ అంటే ఫార్సీలో చెక్కడం. ఖలాన్ని చెక్కేది ఖలంతరాష్. కొమ్ము పిడి, మూడు వేళ్లంత బ్లేడు, మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోయేది. ఖలం మొన మీద ఏటవాలుగా 'ఖత్' పెట్టడంలోనే కాతిబ్ హునర్ తెలిసేది. ఖత్ సరిగ్గా పడకపోతే నస్తాలీఖ్ నిలబడదు.

ఇంగ్లీషువాళ్లు చిన్న చాకును పెన్‌నైఫ్ అంటారు. అదీ ఇదే మాట. వాళ్లు పక్షి ఈకను చెక్కి రాసేవారు, మనవాళ్లు రెల్లును చెక్కి రాసేవారు. అంటే జేబులో పట్టే చాకూ రెండు తహజీబుల్లోనూ చదువుకున్నవాడి సామాను. మున్షీ దగ్గర, మౌల్వీ దగ్గర, బడిపంతులు దగ్గర ఉండేది. చాకూ అన్న మాట తుర్కీ మూలం నుంచి ఫార్సీకి, అక్కడి నుంచి ఉర్దూకి వచ్చింది. తెలుగువాళ్లు దాన్ని చాకు చేసుకున్నారు. మాటలకు సరిహద్దు దగ్గర సోదా ఉండదు కదా.

అబ్బా దగ్గర ఒక పద్ధతి ఉండేది. చాకూ ఎవరికైనా ఇవ్వాలంటే మూసి ఇచ్చేవారు. తెరిచి ఉంటే పిడి అవతలివాడి వైపు ఉండేది. ఒరలేని కత్తిని చేతికి అందించొద్దని ప్రవక్త (స) వారించారని, మస్జిద్‌లోనో బజారులోనో బాణాలతో నడిచేవాడు వాటి మొనలు చేత్తో పట్టుకోవాలని చెప్పారని మాకు చిన్నప్పుడే చెప్పారు. ఎవరికీ గీసుకోకూడదని. జనం మధ్య ఆయుధం ఉన్నవాడే జాగ్రత్త పడాలి, పక్కవాడు కాదు. నేటి చాకూ ఖానూన్‌లన్నిటి వెనుక ఉన్న సోచ్ ఇదే.

ముసాఫిర్ హథియార్

వేరే ఊరికి వెళ్లేవాడు ఏ హథియార్ వెంట తీసుకుపోవచ్చు అన్న మస్లా మన తారీఖ్‌లోనే ఒక సుల్హ్‌నామాలో కనిపిస్తుంది. హిజ్రీ 6, అంటే క్రీ.శ. 628. ఉమ్రా కోసం మదీనా నుంచి బయల్దేరిన ముస్లింలను మక్కా ఖురైష్ హుదైబియా దగ్గర ఆపేశారు. సుల్హ్ కుదిరింది. ఈ ఏడాది వెనక్కి వెళ్లాలి, వచ్చే ఏడాది వచ్చి మూడు రోజులు ఉండొచ్చు. ఆయుధాల మీద కూడా ఒక షరతు ఉంది. ముసాఫిర్ దగ్గర ఉండే హథియార్ మాత్రమే తేవాలి, తల్వార్ ఒరలోనే ఉండాలి.

మరుసటి ఏడాది ముస్లింలు ఆ షరతుకు కట్టుబడి వెళ్లారు. మిగతా ఆయుధాలను మక్కా బయటే కాపలా పెట్టి వదిలేశారని సీరత్ కితాబులు చెబుతాయి. మూడు రోజులు గడవగానే ఊరు వదిలి వచ్చేశారు.

ఆ షరతును ఇవాళ్టి కళ్లతో చూడండి. ఎడారి దారిలో దొంగలు, క్రూరమృగాలు ఉంటాయి కాబట్టి ముసాఫిర్‌కు తల్వార్ అవసరమని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. కానీ ఊళ్లోకి వచ్చేది యుద్ధానికి కాదని ఊరివాళ్లకు కనిపించాలి. దానికి నిషానీ ఒర. వస్తువు అవసరం ఒప్పుకోవడం, దాన్ని మోసే తీరుకు హద్దు గీయడం - పదమూడు వందల ఏళ్ల తర్వాత వచ్చిన ఖానూన్‌లు కూడా ఈ రెండిటి మధ్యే తిరుగుతున్నాయి.

తుంగభద్ర ఇటూ అటూ

మా కర్నూలుకు హథియార్ల తారీఖ్ కొత్త కాదు. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు కూడబెడుతున్నాడన్న ఇల్జామ్ మీద 1839లో కంపెనీ ఫౌజు వచ్చి పడింది. ఆయన గద్దె పోయింది. ఖైదీగా తిరుచినాపల్లికి పంపారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. అలా కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసిపోయింది.

1857 తర్వాత అంగ్రేజులకు హిందుస్తానీ చేతిలో ఏ ఇనుము కనిపించినా షక్కే. 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. హిందుస్తానీలకు లైసెన్సు కావాలి, యూరోపియన్లకు మినహాయింపు. వస్తువు ఒకటే, మోసే చెయ్యి రంగును బట్టి అది జుర్మ్ అవుతుంది లేదా షౌక్ అవుతుంది. ఈ తేడా మీద తర్వాత కాంగ్రెస్ జల్సాల్లో ఎన్నోసార్లు ఫిర్యాదు వినిపించింది.

తుంగభద్ర ఉత్తర ఒడ్డుకు వెళితే మాత్రం అది నిజాం ఇలాకా. అంగ్రేజీ ఖానూన్ ఈ ఒడ్డున ఆగిపోయేది. ఆ కాలంలో కర్నూలువాడికి పరదేశం ఏటి అవతలే ఉండేది. హైదరాబాద్‌లో హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం ఫౌజులో, జాగీర్దార్ల కొలువుల్లో పనిచేసేవారు. మనం చావుష్‌లు అంటామే, వాళ్లే. వాళ్ల నడుం పట్టీలో జంబియా ఉండేది. వంపు తిరిగిన ఆ కత్తి వాళ్ల లిబాస్‌లో భాగం. దాన్ని తీసేయమంటే పగిడీ తీసేయమన్నట్టే. వాళ్ల బారక్సులు ఉన్నచోటు ఇప్పుడు బార్కస్. 1948 పోలీసు చర్య తర్వాత అరబ్బుల్లో చాలామందిని నిర్బంధించారు, కొందరిని సముద్రం దాటించి వాపస్ పంపారు. మిగిలినవాళ్లు ఇక్కడివాళ్లైపోయారు. నడుం మీది జంబియా షాదీల్లో మర్ఫా దరువుకు ఆడే ఆటలోకి మారింది.

జంబియా పుట్టిన యెమెన్‌లో అది ఇప్పటికీ మర్దానా లిబాస్. పక్కనే ఒమాన్‌లో ఖంజర్ జాతీయ జెండా మీదే ఉంది. 2022లో యునెస్కో దాని పనితనాన్ని మానవాళి విరాసత్ జాబితాలో చేర్చింది. మస్కట్‌లో షాదీకి ఖంజర్ కట్టుకున్న దుల్హాను ఎవరూ ఆపరు. అదే మనిషి అదే నడుంపట్టీతో లండన్ రైలెక్కితే పోలీసులు వస్తారు. ఇక్కడ మారింది కత్తీ కాదు, మనిషీ కాదు. చుట్టూ ఉన్న జనం మారారు.

స్వతంత్ర భారత్ 1878 చట్టాన్ని తీసేసి 1959లో కొత్త ఆయుధాల చట్టం తెచ్చుకుంది. దాని కింద వచ్చిన రూల్సులో 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న కత్తులను ఆయుధాల వరుసలో పెట్టారు. వంటింటి, వ్యవసాయ, పరిశ్రమ పనిముట్లు అందులోకి రావు. నోటిఫై చేసిన ఇలాకాల్లో ఆ ఆయుధాలకు లైసెన్సు కావాలి. సిక్కు భాయిల కిర్పాన్‌కు రాజ్యాంగం 25వ అధికరణలోనే ఇజాజత్ ఉంది.

సినిమాలు పెంచిన భయం

రాంపూర్ నవాబుల ఊరు. అక్కడి కారీగర్లు చేసే మడత చాకూ రాంపురీ. తెరిచేటప్పుడు వచ్చే కట్-కట్ చప్పుడే దాని పేరు. 1970లు, 80ల హిందీ సినిమాల్లో విలన్ చేతికి అది దొరికింది. అంతే, దేశమంతా రాంపురీ అంటే గూండా సామాను అనుకుంది. మా మొహల్లాలో కూడా పిల్లలు దువ్వెనను రాంపురీలా తిప్పుతూ డైలాగులు చెప్పేవారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. 1990ల్లో ఉత్తరప్రదేశ్ హుకూమత్ నాలుగున్నర అంగుళాలు దాటిన చాకూల మీద నిషేధం పెట్టింది. కారీగర్ల రోజీ కూలిపోయింది. ఒకప్పుడు వరుసగా ఉన్న దుకాణాలు వేళ్ల మీద లెక్కపెట్టేంతకు తగ్గాయి. 2023లో అదే ఊరి కూడలిలో 20 అడుగుల రాంపురీ చాకూ విగ్రహం నిలబెట్టారు. కారీగర్ల పని పోయాక వాళ్ల చాకూకు గౌరవం దక్కింది.

ఈ కిస్సా మన దగ్గరే జరిగిందనుకోవద్దు. 1950లలో అమెరికా సినిమాల్లో కుర్రాళ్లు బటన్ నొక్కితే తెరుచుకునే చాకూలతో కొట్లాడేవారు. పత్రికలు హడావుడి చేశాయి. 1958లో అమెరికా కాంగ్రెస్ అలాంటి చాకూల అంతర్రాష్ట్ర వ్యాపారం ఆపుతూ చట్టం చేసింది. మరుసటి ఏడాది, 1959లో, బ్రిటన్ కూడా అదే బాట పట్టింది. వంటింటి కత్తి బ్లేడు వాటికన్నా పొడుగు. అయినా చట్టం చూసింది బ్లేడు పొడుగును కాదు, అది తెరుచుకునే తీరును. ఆ తీరు చుట్టూ ఉన్న భయాన్ని.

జపాన్ కథలో భయానికి ఇంకా గట్టి కారణం ఉంది. అక్కడ 1588లోనే హిదెయోషి రైతుల కత్తులన్నీ లాక్కున్నాడు. 1876లో సమురాయ్‌లు కూడా వీధిలో కత్తి కట్టుకోవడం బంద్ అయింది. కత్తులు చేసే పట్టణాలు చిన్న చాకూల మీద పడ్డాయి. మికి పట్టణంలో తయారయ్యే హిగోనోకామి అనే మడత చాకూ ప్రతి బడి పిల్లాడి దగ్గరా ఉండేది. పెన్సిల్ చెక్కుకోవడానికి. మా అబ్బా ఖలంతరాష్‌కు దూరపు చుట్టం అనుకోండి. 1960 అక్టోబరు 12న టోక్యోలో సోషలిస్టు పార్టీ నేత అసనుమా వేదిక మీద మాట్లాడుతుండగా 17 ఏళ్ల కుర్రాడు పొట్టి కత్తితో పొడిచి చంపాడు. ఆ తర్వాత పిల్లల చేతుల్లో చాకూలు ఉండొద్దని దేశమంతా ఉద్యమం నడిచింది. హిగోనోకామి పెన్సిల్ డబ్బాల నుంచి మాయమైంది. 2008లో టోక్యో అకిహబారా బజారులో జరిగిన హత్యాకాండ తర్వాత 5.5 సెంటీమీటర్లు దాటిన, రెండు వైపులా పదునున్న బాకులను ఇంట్లో పెట్టుకోవడం కూడా ఆపేశారు. ఇప్పుడు అక్కడ 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడును సరైన కారణం లేకుండా వెంట పెట్టుకుంటే జుర్మ్. కొన్ని రకాల మడత చాకూలకు 8 సెంటీమీటర్ల దాకా సడలింపు ఉంది, లాక్ పడనివై ఉండాలి. అంతకన్నా చిన్నది కూడా కారణం లేకుండా దాచి మోస్తే చిన్న నేరాల చట్టం కింద పట్టుకోవచ్చు.

ఎర్ర పిడి చాకూ

ముసాఫిర్ చాకూ అనగానే అందరికీ గుర్తొచ్చేది తెల్ల సిలువ గుర్తున్న ఎర్ర చాకూ. 1880లలో స్విస్ ఫౌజు తన సిపాయిలకు ఒక మడత చాకూ ఇవ్వాలనుకుంది. డబ్బా మూత తెరవడానికి, తుపాకీ స్క్రూలు విప్పడానికి. తొలి విడత చాకూలు 1891లో జర్మనీలోని సోలింగెన్ నుంచి వచ్చాయి, ఎందుకంటే స్విట్జర్లాండ్‌లో అన్ని చేసే కార్ఖానా లేదు. ఇబాఖ్ అనే పల్లెలో కత్తుల దుకాణం నడిపే కార్ల్ ఎల్సెనర్‌కు ఇది నామోషీ అనిపించింది. నష్టాలకు ఓర్చి తానే తయారు చేయడం మొదలుపెట్టాడు. 1897లో అఫీసర్ల చాకూ నమూనా రిజిస్టర్ చేశాడు. 1909లో తల్లి విక్టోరియా చనిపోతే ఆమె పేరే సరుకుకు పెట్టాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కును సూచించే 'ఇనాక్స్' దానికి తోడై విక్టోరినాక్స్ అయింది. అమ్మీ పేరు జేబులో పెట్టుకుని దునియా తిరిగిన చాకూ అది. గల్ఫ్ నుంచి వచ్చిన మామూలు, చాచాలు తెచ్చిన తోఫాల్లో అది లేని ఇల్లు మా గల్లీలో తక్కువ.

సోలింగెన్ పేరు గుర్తుపెట్టుకోండి. కత్తుల ఊరని దానికి వందల ఏళ్ల పేరు. 2024 ఆగస్టు 23న ఆ ఊరి 650 ఏళ్ల జష్న్‌లో ఒకడు చాకూతో పడి ముగ్గురిని చంపాడు. చేసినవాడు సిరియా నుంచి వచ్చినవాడు. ఐసిస్ ఆ దాడి తమదేనని చెప్పుకుంది. రెండు నెలలకే జర్మనీ చట్టం మారింది. జాతరల్లో, ఆటల మైదానాల్లో, దూరపు రైళ్లలో చాకూలు బంద్.

ఈ మాట దాచి రాయడం నాకు ఇష్టం లేదు. చంపినవాడు మన దీన్ పేరు వాడుకున్నాడు. చనిపోయినవాళ్లు జష్న్ చూడటానికి వచ్చిన మామూలు జనం. వాళ్ల ఇళ్లలో మిగిలిన శోకం ముందు మన ఇబ్బంది చిన్నది. కానీ ఆ ఇబ్బందీ నిజమే. ఆ రోజు నుంచి ఆ దేశంలో మన పేరున్న కుర్రాడి బ్యాగులోని ఆపిల్ చాకూ, వేరే పేరున్న కుర్రాడి బ్యాగులోని ఆపిల్ చాకూ ఒకే బరువు తూగవు. ఖానూన్ ఒకటే ఉండొచ్చు, చూసే కళ్లు ఒకటి కావు.

ఆకాశంలో ఆరు సెంటీమీటర్లు

విమానంలో చాకూ కథ వేరు. ఒకప్పుడు ఎవరూ జేబులు చూసేవారు కాదు. హైజాక్‌లు పెరిగాక 1973 జనవరి నుంచి అమెరికాలో ప్రతి ముసాఫిర్‌నూ సోదా చేయడం మొదలైంది. అప్పుడు కూడా 4 అంగుళాల కన్నా తక్కువ బ్లేడున్న చాకూను లోపలికి రానిచ్చేవారు. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ వస్తున్న ఐసీ 814 విమానాన్ని కాందహార్‌కు మళ్లించినప్పుడు ఒక యువ ముసాఫిర్‌ను కత్తితో పొడిచి చంపారు. 2001 సెప్టెంబరు 11న 19 మంది హైజాకర్లు చిన్న బ్లేడులతో నాలుగు విమానాలు పట్టుకుని దాదాపు 3,000 మందిని చంపారు. ఆ రోజుతో చిన్న చాకూకు కేబిన్ తలుపు మూసుకుంది. ఎయిర్‌పోర్టు దుకాణాల్లో స్విస్ చాకూల అమ్మకం కూలిపోయింది.

తర్వాత లెక్క మెల్లగా మారింది. అంతర్జాతీయంగా 6 సెంటీమీటర్లు ఒక కొలతగా నిలిచింది. యూరప్ యూనియన్ నిబంధనలు ఆపేది 6 సెంటీమీటర్లు దాటిన బ్లేడులనే. కెనడా 2017 నవంబరు నుంచి అంతవరకూ రానిస్తోంది, అమెరికా విమానాలకు తప్ప. అమెరికా కూడా 2013 మార్చిలో అలాగే చేస్తామంది. విమాన సిబ్బంది గట్టిగా ఎదురు తిరిగారు, మూసి ఉన్న గదిలో ఆ చాకూను మొదట ఎదుర్కోవలసింది వాళ్లే కదా. జూన్‌లో ఆ ఆలోచన విరమించుకుంది. మన దేశంలో కేబిన్‌లోకి చాకూ లేదు. సిక్కు ముసాఫిర్లకు దేశంలోపలి విమానాల్లో 6 అంగుళాల బ్లేడు దాటని కిర్పాన్‌కు ఇజాజత్ ఉంది.

ఇక నా కిస్సా. అబ్బా ఇంతకాల్ తర్వాత ఖలంతరాష్ నా దగ్గరికి వచ్చింది. కంప్యూటర్లో నస్తాలీఖ్ వచ్చాక కాతిబ్‌ల ఖలాలు ఎప్పుడో ఎండిపోయాయి. నేను దాన్ని జామకాయలకు, కవర్లు చింపడానికి వాడేవాణ్ని. ఎక్కువగా ఊరికే జేబులో ఉండేది. వేలు తగిలితే చాలు, అబ్బా పక్కన ఉన్నట్టు. ఆపాను చూడటానికి మొదటిసారి దేశం దాటినప్పుడు అది నా చేతి సంచి పక్క జేబులో ఉండిపోయింది. పెట్టిన సంగతే మరిచిపోయాను.

స్కానర్ దగ్గర సంచి ఆగింది. తెరిచారు. నా పేరు చదివారు, చాకూ చూశారు, మళ్లీ నా ముఖం చూశారు. పక్క గదిలో ఇరవై నిమిషాలు. దురుసుగా ఎవరూ మాట్లాడలేదు, అది చెప్పాలి. "ఎందుకు తెచ్చారు?" అన్నారు. అబ్బా, కాతిబ్, ఖలం అని నేను ఏదేదో చెప్పాను. గొంతు తడారిపోయింది. చివరికి ఒకాయన నింపాదిగా అన్నాడు, "పెద్ద బ్యాగులో వేసి ఉంటే మీతోపాటే వచ్చేది. ఇప్పుడా బ్యాగు వెళ్లిపోయింది." బయట ఎవరైనా ఉంటే ఇచ్చి రమ్మన్నారు. నన్ను దించిన బావమరిది అప్పటికే రైల్వే స్టేషన్ చేరిపోయాడు. విమానానికి టైమ్ లేదు. కత్తెరలు, గోళ్ల కట్టర్లు నిండిన ప్లాస్టిక్ డబ్బాలో నా చేత్తో నేనే వేశాను. మూసి వేశాను, అబ్బా నేర్పినట్టే.

గల్తీ నాదే. ఖానూన్ నా మీద జుల్మ్ చేయలేదు, నేను దాన్ని చదవలేదు. ఆ తర్వాత చదివాను.

ఖానూన్ అడిగేది నియ్యత్

చదివాక నాకు అర్థమైంది ఒకటి. దేశానికో కొలత ఉంది, కానీ కొలత తర్వాత అడిగే ప్రశ్న ఒకటే - ఎందుకు? బ్రిటన్ 1988 చట్టం చూడండి. మడిచే చాకూ, పదును 3 అంగుళాలు దాటకపోతే కారణం చెప్పనక్కర్లేదు. 3 అంగుళాలు దాటితే, లేదా మడవలేనిదైతే, వీధిలో వెంట ఉండటానికి మంచి కారణం ఉండాలి. ఆ కారణం ఉందని చూపాల్సింది మోసేవాడే. పని, మజ్హబ్, జాతీయ లిబాస్ - ఈ మూడింటినీ చట్టమే పేరు పెట్టి ఒప్పుకుంది. తెరిచాక లాక్ పడే చాకూ మడత చాకూ కిందికి రాదని 1993లో కోర్టు తేల్చింది. మా భాంజాకు నేను అడిగిన మొదటి ప్రశ్న అందుకే. దొరికితే శిక్ష 4 ఏళ్ల దాకా ఉంది.

'అమలు నియ్యత్‌ను బట్టి' అని మనం చిన్నప్పటి నుంచి విన్నాం. అల్లాహ్‌కు నియ్యత్ తెలుసు. పోలీసుకు తెలియదు. ఆయనకు మన మాట, ఆ చోటు, ఆ వేళ మాత్రమే గవాహీ. సంతలో పండ్ల బుట్ట పక్కన చాకూ తన కారణం తానే చెబుతుంది. అర్ధరాత్రి క్లబ్బు బయట అదే చాకూ ఎవడి మాటా వినదు.

ఇక్కడే మన పిల్లలు ఒక గల్తీ చేస్తారు. "ఎందుకు పెట్టుకున్నావ్?" అంటే, "నా హిఫాజత్ కోసం" అంటారు. మన దగ్గర అది షరీఫ్ జవాబులా వినిపిస్తుంది. బ్రిటన్‌లో, జపాన్‌లో అది మంచి కారణం కిందికి రాదు. పైగా మనిషి మీద వాడే ఉద్దేశం ఉందని తానే ఒప్పుకున్నట్టు అవుతుంది. బ్రిటన్ 1953 చట్టం ప్రకారం మనిషిని గాయపరిచే ఉద్దేశంతో మోసే ఏ వస్తువైనా ఆయుధమే, అది 2 అంగుళాల చాకూ అయినా సరే. భయం వేస్తే ఆ దారి మార్చుకోవాలి, తోడు తీసుకోవాలి. జేబులో చాకూ భయాన్ని తగ్గించదు, గొడవను పెంచుతుంది.

సఫర్‌కు బయల్దేరే కుటుంబాలకు నా చేతి నుంచి పోయిన చాకూ నేర్పిన సబక్ ఇది.

చాకూ, కత్తెర, బ్లేడు ఏదైనా చెక్-ఇన్ బ్యాగులోనే. ఉమ్రాకు, హజ్‌కు వెళ్లేవాళ్లు జుట్టు కత్తిరించుకోవడానికి కత్తెర తీసుకుపోతారు, అదీ అందులోనే. పదును ఎవరి చేతికీ తగలకుండా గుడ్డలో చుట్టాలి. బయల్దేరే రాత్రి చేతి సంచిని బోర్లించి ప్రతి జేబూ చూసుకోవాలి. పాత సంచుల పక్క జేబుల్లోనే ఇలాంటివి దాక్కుంటాయి.

విమానం ఎక్కనిచ్చారు కదా అని దిగిన చోట మోయవచ్చని కాదు. ఎక్కేది ఒక ఖానూన్, దిగేది ఇంకో ఖానూన్. వెళ్లే దేశపు రాయబార కార్యాలయం, పోలీసు శాఖ వెబ్‌సైట్లలో చూసుకోవాలి. బటన్ నొక్కితే తెరుచుకునేవి, చేతి విసురుతో తెరుచుకునేవి, రెండు వైపులా పదునున్నవి చాలా దేశాల్లో తలనొప్పే, కొననే కొనొద్దు. తోఫాగా చాకూ కొంటే దాన్ని చేతిలో పట్టుకుని మధ్యలో విమానం మారొద్దు, అక్కడి సోదాలో పోతుంది. పండ్లు కోసుకోవడమే పనైతే, దిగాక అక్కడే ఒక చిన్న వంటింటి చాకూ కొని వంటింట్లోనే ఉంచుకోండి.

ఎవరైనా ఆపి అడిగితే ముందుగా మీరే చెప్పేయండి, బ్యాగులో చాకూ ఉందని. చెయ్యి అటు పోనివ్వకండి. తీసి చూపించకండి, వాళ్లనే తీయనివ్వండి. నిజం ఎంతో అంతే చెప్పండి. నాలా ఖాన్దాన్ కథంతా చెప్పనక్కర్లేదు.

నిన్న భాంజా మళ్లీ ఫోన్ చేశాడు. లాక్ పడే చాకూను రూములో వంట సామాను డబ్బాలో పెట్టేశాడట. "మామూ, ఇప్పుడు ఆపిల్ ఎట్లా తినాలె?" అన్నాడు. "పళ్లు ఎందుకిచ్చాడ్రా అల్లాహ్?" అన్నాను. అటువైపు వాళ్ల అమ్మీ కూడా నవ్వింది. నవ్వి, కాసేపాగి, "అబ్బా చాకూ ఉండుంటే బాగుండు కదా తమ్ముడూ" అంది.

ఉంటే బాగుండేది ఆపా. ఇంట్లోనే ఉండాల్సింది.

ఖుదా హాఫిజ్.